టైటన్స్ ఓడినా సాంచె ఆగదు
సూరత్ తెలుగు వాడల్లో కబడ్డీ జట్టు మీద సాగే వాదన ఆటగాళ్ల ఎంపిక దగ్గర మొదలై 'మనవాళ్లెవరు' అన్న ప్రశ్న దగ్గర తేలుతుంది

సూరత్‌లో 'టైటన్స్' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. రింగ్‌రోడ్ బట్టల మార్కెట్లలో, వరాఛా వజ్రాల కార్ఖానాల్లో ఆ పేరెత్తితే క్రికెట్ గుర్తొస్తుంది. 2022లో ఐపీఎల్‌లోకి అడుగుపెట్టిన ఏడాదే కప్పు ఎగరేసుకుపోయిన గుజరాత్ టైటన్స్ అన్నమాట. లింబాయత్ సందుల్లో, ఉధ్నా మరమగ్గాల పక్క చాయ్ దుకాణాల్లో నలుగురు తెలుగువాళ్లు కూర్చుని అదే మాట అన్నారంటే అది కబడ్డీ. 2014లో ప్రొ కబడ్డీ లీగ్‌తో పాటే పుట్టిన తెలుగు టైటన్స్. వయసులో పెద్దది ఇదే. కప్పుల లెక్కకు వస్తే మాత్రం చెప్పుకోవడానికేమీ లేదు. పన్నెండు సీజన్లు ఆడి ఒక్కసారి కూడా ఫైనల్ గడప తొక్కని జట్టు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని పక్కింటి గుజరాతీ అనకముందే తెలుగువాళ్లే అనేసుకుంటారు. అనుకుని, మళ్లీ టీవీ ముందు కూర్చుంటారు.

అంతగా ఓడిన జట్టును ఇంతగా పట్టుకుని వేలాడడం ఎందుకన్న ప్రశ్నకు జవాబు కబడ్డీ కోర్టులో దొరకదు. దానికోసం ముందు ఊరిని చూడాలి.

తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్‌కు బయటివాళ్లు కొత్త కాదు. 17వ శతాబ్దం తొలినాళ్లలో ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం పెట్టుకుంది ఇక్కడే. 1664లో ఒకసారి, 1670లో మరోసారి శివాజీ సేనలు వచ్చింది ఈ రేవు సంపద కోసమే. ఆ వైభవం బొంబాయికి తరలిపోయాక చాలాకాలం మగతగా పడి ఉన్న నగరాన్ని ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ లేపినవి రెండు: వజ్రాల సానపట్టు, కృత్రిమ పట్టు. రెండింటికీ చేతులు కావాలి. సౌరాష్ట్ర నుంచి వజ్రాల పనివాళ్లు వచ్చారు. ఒడిశాలోని గంజాం నుంచి, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి, ఉత్తరప్రదేశ్, బీహార్‌ల నుంచి మగ్గాల మీదికి, అద్దకం మిల్లుల్లోకి జనం వచ్చారు. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి పద్మశాలీలు వచ్చారు. 2011 జనగణన నాటికి నగర జనాభా 44.6 లక్షలు దాటింది. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు ఏడు భాషల్లో నడుస్తూ వచ్చాయి. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఇంగ్లిష్, ఒడియాలతో పాటు ఏడోది తెలుగు.

తెలుగువాళ్లు రావడానికి కారణం వెతకనక్కర్లేదు. మరమగ్గం వచ్చి చేమగ్గాన్ని మింగింది. నిజాం కాలంలో 1934లో వరంగల్‌లో వెలిసిన ఆజంజాహీ మిల్లు చిక్కిచిక్కి 2002లో మూతపడింది. సిరిసిల్లలో నేత కార్మికుల ఆత్మహత్యలు ఆ దశాబ్దమంతా పత్రికల్లో పతాక శీర్షికలయ్యాయి. చేతిలో పని ఉన్నవాడికి పని ఉన్న చోటు కావాలి. భివండీ, షోలాపూర్, సూరత్ — ఈ మూడు పేర్లు తెలియని నేత కుటుంబం ఉత్తర తెలంగాణలో లేదు. చెన్నై నుంచి అహ్మదాబాద్ వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది, దాదాపు రోజు ప్రయాణం తర్వాత సూరత్‌లో ఆగుతుంది. కొన్ని తరాలకు ఆ రైలు పేరు అక్షరాలా నిజమైంది.

వచ్చిన కొత్తలో గుజరాతీ ఒక్క ముక్క రాకపోయినా ఒక మాట మాత్రం ఇంటి నుంచే తెచ్చుకున్నారు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచె అంటారు. సూరత్‌లోనూ సాంచా అనే అంటారు. మగ్గాలు నడిచే షెడ్డు పేరు ఖాతా. ఖాతాలో పని మీటర్ల లెక్కన, రోజుకు పన్నెండు గంటలు. పొద్దున ఏడింటికి ఎక్కినవాడు సాయంత్రం ఏడింటికి దిగుతాడు. వాడు దిగిన సాంచె మీదికే రాత్రివాడు ఎక్కుతాడు. వారానికో పదిహేను రోజులకో ఇద్దరూ వేళలు మార్చుకుంటారు.

కబడ్డీ చర్చకు ఈ గడియారమే పునాది. మ్యాచ్‌లు రాత్రి ఎనిమిది ప్రాంతంలో మొదలవుతాయి. పగటి షిఫ్టు దిగినవాడు స్నానం చేసి, పళ్లెం ముందేసుకుని మొదటి రైడ్ నుంచి చూడగలడు. రాత్రి షిఫ్టువాడికి అంతా పొద్దున చాయ్ దగ్గరే తెలియాలి. అందుకే ఇక్కడ ప్రతి మ్యాచ్‌నూ రెండుసార్లు ఆడతారు. ఒకసారి టీవీలో, మరుసటి పొద్దున ఏడింటికి ఖాతా గేటు దగ్గర మాటల్లో. చూసినవాడు చెబుతుంటే చూడనివాడు తప్పులు పడతాడు. ఈ రెండో ఆటే ఎక్కువ హోరాహోరీగా ఉంటుంది. గొంతులు పెద్దవి కావడానికి కోపమే కారణం కానక్కర్లేదు. పన్నెండు గంటలు సాంచెల మోతలో గడిపినవాళ్లు మామూలుగా మాట్లాడినా పక్క వీధికి వినిపిస్తుంది.

చర్చకు సరుకు తక్కువేమీ కాదు. తొలి ఏళ్లలో టైటన్స్ ఇంత అధ్వానంగా లేదు. 2015లో సెమీఫైనల్లో బెంగళూరు బుల్స్ చేతిలో 39-38తో, ఒక్కటంటే ఒక్క పాయింటుతో ఓడి మూడో స్థానంతో సరిపెట్టుకుంది. 2016లో మరోసారి సెమీస్ చేరింది. బిజ్నోర్ కుర్రాడు రాహుల్ చౌదరి రైడ్‌కు వెళుతుంటే తెలుగు రాష్ట్రాల్లో పిల్లలు వీధుల్లో మళ్లీ చెడుగుడు గీతలు గీశారు. తొలి ఆరు సీజన్లు అతడు టైటన్స్‌కే ఆడాడు. 2019లో అతడి చోటులోకి 1.45 కోట్ల రూపాయలు పోసి సిద్ధార్థ్ దేశాయ్‌ని తెచ్చారు. ఆ ఏడాది వేలంలో అదే అత్యధిక ధర. జట్టు మాత్రం పట్టిక అడుగుకు జారింది.

ఆ తర్వాతిది చీకటి. 2021 డిసెంబర్‌లో మొదలైన ఎనిమిదో సీజన్లో దేశాయ్ కొద్ది మ్యాచ్‌లకే గాయపడ్డాడు. 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు. 2022లో రెండు గెలుపులు. 2023-24లో మళ్లీ రెండు. మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లాడి గెలిచినవి అయిదు. మూడుసార్లూ అట్టడుగు స్థానమే. మీటరుకు ఇంత అని లెక్క కట్టుకుని బతికేవాళ్లకు ఈ అంకెలు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

అందులోనూ చివరి సీజన్ గాయం లోతైనది. ఆ వేలంలో పవన్ సెహ్రావత్ కోసం టైటన్స్ 2.605 కోట్లు పెట్టింది. లీగ్ చరిత్రలో అప్పటికి అదే రికార్డు. ఒక్కో జట్టుకు అనుమతించిన మొత్తం ఖర్చు అయిదు కోట్లు. అంటే సంచీలో సగానికి పైగా ఒక్కడికే పోయింది. అతడు తన వంతు ఆడాడు. ఆ సీజన్లోనే లీగ్‌లో వెయ్యి రైడ్ పాయింట్ల మైలురాయి దాటాడు. జట్టు రెండు మ్యాచ్‌లు గెలిచింది.

సూరత్ చాయ్ దుకాణాల్లో రెండు పార్టీలు పుట్టింది ఇక్కడే.

ఒకటి పట్టు పార్టీ. కబడ్డీలో ఏడుగురుంటారు, రైడర్ ముప్ఫై సెకన్లు వెళ్లి వస్తాడు, మిగతా కాలమంతా ఆటను మోసేది మూలల్లో నిలబడ్డ డిఫెండర్లేనన్నది వీళ్ల వాదన. కుడి మూల, ఎడమ మూల గట్టిగా లేని జట్టు తెచ్చిన పాయింట్లను తెచ్చినట్టే ఇచ్చేస్తుంది. ఒక్క సాంచె మీదే సగం పెట్టుబడి పెట్టి, మిగతా వాటికి నూలు లేకుండా చేసిన సేఠ్ ఏం బాగుపడతాడని వీళ్లడుగుతారు. మగ్గం తెలిసినవాళ్ల మధ్య ఈ పోలికకు తిరుగు లేదు.

రెండోది మొనగాడి పార్టీ. దీని దగ్గరా లెక్కలున్నాయి, పైగా అవి గుజరాత్ గడ్డ మీద బాగా చెల్లుతాయి. గుజరాత్ జట్టు 2017లో లీగ్‌లోకి వచ్చింది. వచ్చిన తొలి ఏడాదే ఫైనల్ చేరింది. అక్కడ పట్నా పైరేట్స్ రైడర్ ప్రదీప్ నర్వాల్ విజృంభించగా 55-38తో చిత్తయింది. మరుసటి సీజన్ ఫైనల్ 2019 జనవరి 5న ముంబైలో జరిగింది. అప్పుడు బెంగళూరు బుల్స్ 38 పాయింట్లతో గుజరాత్‌ను ఓడిస్తే, ఆ 38లో 22 పవన్ సెహ్రావత్ ఒక్కడివే. గోడలా నిలిచిన గుజరాత్ డిఫెన్స్‌ను రెండేళ్లూ కూల్చింది ఒక్కొక్క మనిషే. అలాంటప్పుడు మొనగాడి మీద డబ్బు పెట్టడం తప్పెలా అవుతుంది, పక్కన నిలబడేవాళ్లను ఎంచుకోవడంలో తప్పు జరిగింది కానీ అని ఈ పార్టీ వాదన.

తీర్పు చెప్పడానికి 2025 వచ్చింది గానీ, అదీ సగమే చెప్పి పోయింది. అంతకుముందు సీజన్లో కొత్త కోచ్ కృషన్ కుమార్ హూడా ఆధ్వర్యంలో టైటన్స్ ఏడో స్థానానికి లేచింది. ప్లే ఆఫ్ త్రుటిలో తప్పింది. ఇదే హూడా శిక్షణలో దబంగ్ ఢిల్లీ 2022 ఫిబ్రవరిలో కప్పు గెలిచింది. 2025 వేలంలో పవన్‌ను వదులుకున్నారు. అతడు తమిళ్ తలైవాస్‌కు పోయాడు. విజయ్ మలిక్‌ను కెప్టెన్ చేశారు. భరత్ హూడాను 81.5 లక్షలకు తెచ్చుకున్నారు. 2.605 కోట్ల బొమ్మ లేని ఈ జట్టు మీద సూరత్‌లో పెద్దగా ఆశలేమీ లేవు. ఆగస్టు 29న విశాఖపట్నంలో తొలి మ్యాచ్. ఎదురుగా తలైవాస్, అందులో పవన్. టైటన్స్ 38-35తో ఓడింది. మరుసటి పొద్దున గేట్ల దగ్గర ఏం మాట్లాడుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు.

అయితే ఈసారి జట్టు కుప్పకూలలేదు. గెలుస్తూ ప్లే ఆఫ్‌లోకి వెళ్లింది. పట్నాను ఇంటికి పంపింది. అక్టోబర్ చివరి వారమది. దీపావళికి సూరత్ ఖాతాలు మూతపడి, సగం వాడ ఊళ్లకు పోయి ఉండే కాలం. వరంగల్ పక్క పల్లెలో కొందరు, లింబాయత్ గదుల్లో కొందరు, షిఫ్టు గోల లేకుండా అందరూ ఒకేసారి చూసిన మ్యాచ్ అక్టోబర్ 29 నాటిది. ఫైనల్‌కు ఒక్క మెట్టు. పుణేరి పల్టన్ 50, తెలుగు టైటన్స్ 45. భరత్ హూడా ఒక్కడే 23 పాయింట్లు తెచ్చినా అయిదు పాయింట్లు చాలలేదు.

ఈ స్కోరును రెండు పార్టీలూ తమకే సాక్ష్యంగా వాడుకుంటాయి. నాకౌట్ మ్యాచ్‌లో 45 పాయింట్లు కొట్టి కూడా ఓడామంటే, 50 ఇచ్చిన డిఫెన్స్‌ను ఏమనాలని పట్టు పార్టీ అడుగుతుంది. రెండు రోజుల తర్వాతి ఫైనల్‌నూ ఎత్తి చూపుతుంది. ఢిల్లీ 31-28తో పుణేను ఓడించిన ఆ పోటీలో పట్టుదే పైచేయి. ఢిల్లీ వెనక నిలబడ్డది ఇరాన్ డిఫెండర్ ఫజల్ అత్రాచలి. 23 పాయింట్ల మనిషికి తోడు ఇంకొక్క గట్టి రైడర్ ఉండి ఉంటే ఆ అయిదు ఎక్కడికి పోయేవని మొనగాడి పార్టీ అడుగుతుంది. రెండూ తప్పని చెప్పలేం. పన్నెండు సీజన్లలో తొలిసారిగా వాదన 'ఎందుకోడాం' అన్న చోటి నుంచి 'ఇంకేం కావాలి' అన్న చోటికి జరిగింది. ఓటమికి అలవాటుపడ్డ అభిమానికి అది చిన్న మార్పేమీ కాదు.

ఈ రెంటికీ పక్కగా ఒక మూడో గొంతు ఎప్పుడూ ఉంటుంది. అది పెద్దగా అరవదు గానీ అది అడిగే ప్రశ్నకు మిగతా ఇద్దరూ తడబడతారు. పేరు తెలుగు టైటన్స్, మరి తెలుగు ఆటగాళ్లేరీ? కెప్టెన్, మొనగాడు, కోచ్ అందరూ హర్యానా వైపు వాళ్లే. ఏ సీజన్ చూసినా తెలుగు పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఒక చెయ్యి చాలు. అద్దెకు తెచ్చుకున్న జట్టు మనదెలా అవుతుంది?

వరంగల్‌లోనో విజయవాడలోనో ఈ ప్రశ్న వేస్తే ఆవేశంగా తలలూపేవాళ్లు చాలామంది దొరుకుతారు. సూరత్‌లో అది అంత సులభంగా చెల్లదు. ఎందుకంటే ఇక్కడ అడిగేవాడూ అడగబడేవాడూ ఇద్దరూ అద్దె చేతులే. సూరత్ చీర అని హైదరాబాద్ దుకాణాల్లో, వరంగల్ సంతల్లో అమ్ముడుపోయే పాలిస్టర్ చీర ఎవరి సాంచె మీద నేసిందో కొనేవాళ్లు అడగరు. గంజాం ఒడియా నేసి ఉండవచ్చు. కరీంనగర్ పద్మశాలీ నేసి ఉండవచ్చు. అయినా అది సూరత్ చీరే. మనం నేసిన గుడ్డ సూరత్‌ది అయినప్పుడు, రోహ్‌తక్ కుర్రాడు తెచ్చిన పాయింటు తెలుగుది ఎందుకు కాదు? చర్చ ఇక్కడికొస్తే చాయ్ దుకాణంలో కాసేపు ఎవరూ మాట్లాడరు.

వేలం అన్న మాటా ఇక్కడివాళ్లకు వేరేగా వినబడుతుంది. టీవీలో ఆటగాడి పేరు పలకడం, ఎదురుగా బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు చేతులెత్తడం, ధర పెరగడం ఒక తంతు. పండగ సీజన్‌కు ముందు పని ఎక్కువై చేతులు చాలనప్పుడు మీటరుకు నాలుగు పైసలు ఎక్కువిస్తానన్న ఖాతాకు జనం మారడం ఇంకో తంతు. తేడా సొమ్ములోనే. గాయపడ్డ రైడర్‌ను మరుసటి ఏడు వదిలేసినట్టే, చూపు మందగించిన మగ్గం మనిషిని పక్కన పెడతారు. అందుకే రాహుల్ చౌదరిని వదిలేసిన ఏడాది పెద్దవయసు వాళ్లకు గుచ్చుకున్నంతగా కుర్రాళ్లకు గుచ్చుకోలేదు.

కుర్రాళ్ల సంగతి వేరు. అసలు పోటీ వాళ్ల దగ్గరే. ఇక్కడే పుట్టి, స్నేహితులతో గుజరాతీలోనో హిందీలోనో మాట్లాడుతూ, నాయనమ్మతో తెలుగు మాట్లాడి, రాయమంటే తలగోక్కునే తరం వచ్చేసింది. తండ్రి 'బావా' అని పిలిచే మనిషిని కొడుకు 'భాయ్' అంటాడు. ఈ పిల్లలకు గుజరాత్ జెయింట్స్ సొంత రాష్ట్రపు జట్టు. బడిలో పక్క బెంచీవాడి జట్టు. దాన్ని పట్టుకుంటే ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. తెలుగిళ్లలో గుజరాత్, టైటన్స్ తలపడే రాత్రి రిమోట్ ఒకరి చేతిలో, గొంతు ఇంకొకరి చేతిలో ఉంటుంది.

కాకపోతే ఈ మధ్య గుజరాత్ జట్టు కూడా పిల్లల్ని ఊరించేంతగా ఏమీ ఆడలేదు. రెండు ఫైనళ్లు ఓడాక దానికీ కప్పు అందలేదు. 2023లో 1.60 కోట్లకు ఫజల్ అత్రాచలిని తెచ్చుకుంది, ప్లే ఆఫ్ దాకా పోయింది, తర్వాత వదిలేసింది. 2025 వేలంలో మరో ఇరాన్ ఆల్‌రౌండర్ మొహమ్మద్‌రెజా షాద్లూయి మీద 2.23 కోట్లు పెట్టింది. ఎనిమిది జట్లకు చోటున్న ప్లే ఆఫ్‌లోకి కూడా రాలేదు. వదిలేసిన ఫజల్ ఢిల్లీలో కప్పెత్తాడు. ఆ విధంగా తెలుగు తండ్రికీ గుజరాతీ పొరుగువాడికీ మధ్య కొత్త సామరస్యం కుదిరింది. ఇద్దరి సేఠ్‌లూ ఒకే తప్పు చేస్తున్నారన్న విషయంలో.

సూరత్ ఆటలంటే తెలియని ఊరు కాదు. టేబుల్ టెన్నిస్‌లో దేశానికి హర్మీత్ దేశాయ్, మానవ్ ఠక్కర్‌లను ఇచ్చింది. నగరంలోని పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఇండోర్ స్టేడియంలో జాతీయ స్థాయి పోటీలు జరుగుతాయి. లాల్‌భాయ్ కంట్రాక్టర్ స్టేడియంలో 2019 సెప్టెంబర్‌లో పదిహేనేళ్ల షఫాలీ వర్మ భారత్ తరఫున తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది. 2023 డిసెంబర్‌లో మాజీ క్రికెటర్ల లెజెండ్స్ లీగ్ ఫైనల్ కూడా ఇక్కడే. హైదరాబాద్ పేరు పెట్టుకున్న జట్టు సూరత్‌కు వచ్చి ఫైనల్ ఆడి, ఓడి వెళ్లింది. కబడ్డీ లీగ్ మాత్రం ఈ ఊరికి టీవీలోనే వస్తుంది. గుజరాత్ సొంత మ్యాచ్‌లు పెట్టుకున్నప్పుడు అహ్మదాబాద్‌లో పెట్టుకుంది. 2025 సీజన్ విశాఖ, జైపూర్, చెన్నై, ఢిల్లీలకే పరిమితమైంది. కాబట్టి సూరత్ తెలుగువాడు తన జట్టును కళ్లారా చూడాలంటే నవజీవన్ ఎక్కాల్సిందే. పన్నెండు గంటల షిఫ్టువాడికి రెండు రోజులు రైల్లో గడిపే తీరిక ఉండదు.

ఈ ఊరు ఒకటి రెండుసార్లు ఖాళీ అయింది కూడా. 1994 సెప్టెంబర్‌లో ప్లేగు వచ్చినప్పుడు జనం లక్షల్లో దొరికిన రైలెక్కి పారిపోయారు. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నీళ్లు వదిలితే నగరంలో చాలా భాగం మునిగింది. 2020 లాక్‌డౌన్‌లో కార్మికులు ఇళ్లకు పంపమని రోడ్డెక్కారు. ప్రతిసారీ వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు. ప్లేగు తర్వాత నగరాన్ని చక్కదిద్దిన కథను పట్టు పార్టీ పెద్దవాళ్లు తమ వాదనకూ వాడుకోవచ్చు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు పేరు అందరికీ గుర్తుంది. ఆయన చేసిన పనిలో ముఖ్యమైనది మాత్రం అధికారాలను జోన్ల కమిషనర్లకు పంచి, అందరినీ రోజూ ఏసీ గదుల్లోంచి వీధుల్లోకి తోలడం. దేశంలోని మురికి నగరాల్లో ఒకటిగా పేరుపడ్డ ఊరు 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది. మొనగాడు ఒకడుండొచ్చు, మూలలు గట్టిగా ఉంటేనే ఊరు నిలబడుతుందన్న నీతి అందులో ఉంది.

తిరిగి వెళ్లిపోవడం అన్న మాట మాత్రం వాడలో ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది. 2017 అక్టోబర్‌లో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాదిరాయి వేసినప్పుడు, సూరత్, భివండీ, షోలాపూర్‌లకు పోయిన నేతన్నలను వెనక్కి రప్పించడం దాని లక్ష్యాల్లో ఒకటని అప్పటి తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. ఆ మాట విని సంతోషించినవాళ్లున్నారు, మూటాముల్లె సర్దినవాళ్లు తక్కువ. ఇల్లు ఇక్కడ కట్టుకున్నారు. పిల్లల చదువు ఇక్కడ. బతుకమ్మను పేర్చేదీ, మార్కండేయుడికి పూజలు చేసేదీ ఇక్కడే. పైగా సూరత్‌లో పాత సాంచెల చోట నీటి ధారతో, మెరుపు వేగంతో నడిచే కొత్త మగ్గాలు దిగుతున్నాయి. వాటికి తక్కువ చేతులు చాలు. ఊరు ఇక్కడా పిలవదు, అక్కడా ఆగదు అన్నట్టుంది పరిస్థితి. ఆ మధ్యలో నిలబడ్డ మనిషికి తెలుగు అన్న మాట జెర్సీ మీద కనిపించే జట్టు ఒకటి కావాలి. అది గెలిస్తే మరీ మంచిది. గెలవకపోయినా దాన్ని తిట్టే హక్కు ఉంటుంది. సూరత్‌లో అతడు గట్టిగా, తెలుగులో, నలుగురిలో వాడుకోగల హక్కుల్లో అదొకటి.

గెలిచిన జట్టుకు అందరూ చుట్టాలే. 66 మ్యాచ్‌లాడి అయిదు గెలిచిన జట్టుకు చుట్టరికం ఒప్పుకున్నవాళ్లే అసలు చుట్టాలు. ఆ లెక్కన సూరత్ వాడల అభిమానం హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో టికెట్టు కొని ఈలలేసే అభిమానం కంటే ఖరీదైనది. అయితే ఈ చుట్టరికం ఆస్తిలా దానంతటదే కొడుకుకు దక్కదు. 45 పాయింట్లు కొట్టిన ఆ రాత్రి గుజరాత్ జెయింట్స్ పోటీలో లేదు. అందుకే తండ్రితో పాటు కొడుకూ టైటన్స్ వైపే అరిచాడు. వచ్చే సీజన్లో గుజరాత్ బాగా ఆడితే అరుస్తాడో లేదో చెప్పలేం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇక్కడ ఇల్లేది, రచ్చేది అన్నదే ఇంకా తేలలేదు.

ఈలోగా పార్టీలు రెండూ ఒక్క విషయంలో రాజీకి వచ్చాయి. భరత్ హూడాను వదలకూడదు, మిగిలిన సొమ్ముతో ఒక గట్టి కుడి మూల డిఫెండర్‌ను తేవాలి. అతడిది హర్యానా అయినా, ఇరాన్ అయినా అభ్యంతరం లేదు. తెలుగువాడైతే ఇంకా మంచిదని మూడో గొంతు జోడిస్తుంది. ఈసారి దాన్నెవరూ కాదనరు.